పచ్చ జెండా, మూడు రంగుల జెండా

(చేవెళ్ళ, మొయినాబాద్ మండలాల మస్జిద్ కమిటీల బాధ్యులు, మదరసా ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





మొయినాబాద్ దాటి మర్రిచెట్ల నీడలో చేవెళ్ళకు వస్తూ దారి పొడవునా ఎన్నో జెండాలు చూశాము. పార్టీల జెండాలున్నవి, ఆలయాల మీద ధ్వజాలున్నవి, ఒక దర్గా మీద పచ్చ జెండా ఉన్నది. వీటిలో ఒక్కదానిని చూచినప్పుడే కొందరికి ఇది ఏ దేశపు జెండా అన్న సందేహం కలుగుతుంది. నేటి మా ప్రసంగానికి ఆ సందేహమే కారణం.

గత మిలాద్ రోజులలో ఒక గ్రామం నుండి మాకు ఫోను వచ్చినది. పిల్లలు వీధిలో కట్టిన పచ్చ జెండాలను ఎవరో ఫోటో తీసి, ఇవి పాకిస్తాన్ జెండాలని వాట్సాప్‌లో పెట్టారు. కమిటీ వారు భయపడి రాత్రికి రాత్రే అన్నీ విప్పి మూట కట్టారు. వారిని మేము తప్పు పట్టము. అయితే, ఇవి ఎందుకు పాకిస్తాన్ జెండాలు కావో నాలుగు మాటలలో చెప్పగలవారు ఆ రాత్రి అక్కడ ఒక్కరూ లేకపోయారు. మా బాధ అది.

పాకిస్తాన్ జాతీయ పతాకాన్ని 1947 ఆగస్టు 11న ఆ దేశ రాజ్యాంగ సభ ఆమోదించింది. దానిలో కర్ర వైపున నిలువుగా తెల్లని పట్టీ ఉంటుంది. అది అక్కడి మైనారిటీలకు గుర్తు. మిగిలిన ముదురు పచ్చ భాగంపై తెల్లని నెలవంక, నక్షత్రం ఉంటాయి. మన దర్గాలపై, మిలాద్ తోరణాలలో ఉండే గుడ్డకు ఆ తెల్లని పట్టీ ఉండదు. నెలవంక ఉన్నంత మాత్రాన అది పాకిస్తాన్‌ది కాదు. టర్కీ, ట్యునీషియా, మలేషియా జెండాలపై కూడా నెలవంక ఉన్నది.

పచ్చ రంగు గురించి మనవారికీ ఒక మాట చెప్పాలి. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పతాకాల రంగులు నలుపు, తెలుపు అని తిర్మిజీ హదీసు సంకలనంలో ఉన్నది. పచ్చకు ఆదరణ తరువాతి కాలంలో పెరిగినది. కర్బలాలో హజ్రత్ అబ్బాస్ (రజి) పతాకధారి. ఆ స్మృతితోనే ముహర్రంలో అలములు ఎత్తుతారు. అలం అంటేనే జెండా. మన తెలంగాణ పల్లెలలో వాటిని పీర్లు అంటారు. ఎన్నో గ్రామాలలో ఆ పీర్లను భుజాన మోసేది, గుండం చుట్టూ ఆడేది హిందూ సోదరులే. ఆ అలములను ఏ దేశపు జెండాలని వారెవరూ అడగరు.

ఇక ఈ నేలపై ఎగిరిన రాజ్యపతాకం సంగతి. 1948 వరకు ఇక్కడ ఎగిరినది ఆసఫ్ జాహీల జెండా. నిజాం జెండా అనగానే చాలామంది ఆకుపచ్చ అనుకుంటారు, కాని అది పసుపు రంగుది. తెలుగులో పచ్చ అన్న ఒక్క మాటే పసుపుకూ, ఆకుకూ చెల్లుతుంది, ఆ చిక్కు వేరు! దానిపై గుండ్రని గుర్తు ఒక రొట్టె, కుల్చా. మొదటి నిజాముకు ఒక సూఫీ పెద్ద కుల్చాలు పెట్టగా ఏడు తిన్నాడని, అందుకే ఏడు తరాలు ఏలారని కథ. అనగా ముస్లిం రాజు తన జెండాపై నెలవంకను గాక ఒక ఫకీరు పెట్టిన రొట్టెను నిలుపుకున్నాడు. 1948 సెప్టెంబరు 17 తరువాత ఆ జెండా చరిత్రలో కలిసినది. భారతదేశంలో కలవాలని వ్రాసినందుకు అదే ఆగస్టులో ప్రాణం పోగొట్టుకున్న ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముస్లిమే. సెప్టెంబరు 17ను ఒకరు విమోచనమని, ఒకరు సమైక్యత అని, ఇప్పుడు ప్రజాపాలన అని పిలుస్తున్నారు. పేరు ఏదైనా ఆ దినాన షోయబుల్లా ఖాన్‌ను తలచుకొనే హక్కు మనకున్నది.

నేడు తెలంగాణకు గాని ఆంధ్రప్రదేశ్‌కు గాని సొంత పతాకం లేదు, చిహ్నాలు మాత్రమే ఉన్నవి. కర్ణాటక 2018లో ఒక పతాకాన్ని ప్రతిపాదించినది. జమ్మూ కాశ్మీరుకు ఉన్నది 2019తో పోయినది. మన రాష్ట్ర చిహ్నంలో కాకతీయ తోరణంతోపాటు చార్మినార్ ఉన్నది. 2024లో దానిని మార్చబోతే ఎంత వివాదం రేగినదో మీకు తెలుసు.

ఇప్పుడు త్రివర్ణ పతాకం. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల సమయాన పింగళి వెంకయ్య గాంధీజీకి చూపిన నమూనాలో ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు గుర్తులు. తక్కినవారికై గాంధీజీ తెలుపు చేర్పించారు. మనవారు చాలామంది ఇప్పటికీ ఇక్కడే ఆగిపోయి, జెండాలో ఆకుపచ్చ మన వాటా అంటారు. మేము దీనితో ఏకీభవించము. 1931లోనే కాంగ్రెసు ఈ రంగులకు మతపరమైన అర్థం లేదని తీర్మానించినది. వాటా అని ఒప్పుకున్ననాడు మిగిలిన రెండు రంగులు ఇతరులవని మనమే ఒప్పుకున్నట్లు అవుతుంది.

1947 జూలై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ పతాక తీర్మానం ప్రవేశపెట్టారు. ముస్లిం సభ్యులు లేచి సమర్థించారు. చౌధరీ ఖలీకుజ్జమాన్ సమర్థించి తరువాత పాకిస్తాన్ వెళ్ళిపోయారు. ఆ సంగతి దాచనక్కరలేదు. అస్సాంకు చెందిన సయ్యద్ ముహమ్మద్ సాదుల్లా మాత్రం 1857లో బహదూర్ షా ఎత్తిన పతాకం ఆకుపచ్చదని సభకు గుర్తుచేశారు. ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. అంబేడ్కర్ అధ్యక్షతన రాజ్యాంగ ముసాయిదా సంఘంలో కూర్చున్నారు. జెండాను నిర్ణయించిన సంఘంలో మౌలానా ఆజాద్ ఉన్నారు.

ఇంకొకరి పేరు మన పిల్లలకు తప్పక చెప్పాలి. హైదరాబాదు వాడైన ఆబిద్ హసన్ నేతాజీతో జలాంతర్గామిలో ప్రయాణించిన సహచరుడు. జైహింద్ నినాదం ఆయనదే అంటారు. ఆజాద్ హింద్ ఫౌజులో జెండా రంగుపై కాషాయమా, పచ్చనా అని వాదం వచ్చి, హిందూ సైనికులు తమ పట్టు విడిచారట. అందుకు కదిలిపోయి ఆయన తన పేరు చివర సఫ్రానీ అని చేర్చుకున్నారు. ఒక ముస్లిం కాషాయాన్ని తన పేరులో పెట్టుకున్న ఉదంతమిది.

చట్టం విషయానికి వద్దాము. 2004 జనవరి 23న సుప్రీంకోర్టు, జాతీయ పతాకాన్ని గౌరవంగా ఎగరవేయడం రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం కింద పౌరుని హక్కు అని తీర్పు చెప్పినది. హక్కు అన్నది గమనించండి. మదరసాలో జెండా ఎగిరిందా, ఫోటో పంపండి, వీడియో పంపండి అని అడిగినప్పుడు ఆ హక్కు మన ఒక్కరికే పరీక్షగా మారుతున్నది. జెండా మనం ఎగరవేద్దాము, ఎప్పటినుండో ఎగరవేస్తున్నాము. తక్కిన పాఠశాలలను అడగని రుజువు మనలను అడిగితే, ఏ ఉత్తర్వు ప్రకారం అడుగుతున్నారో వ్రాతపూర్వకంగా తెలుపమని మర్యాదగా కోరవచ్చు.

అదే సమయంలో మన పొరపాట్లు కూడా చెప్పుకోవాలి. ఇతర రాష్ట్రాలలో కొందరు యువకులు ముహర్రం, మిలాద్ ఊరేగింపులలో త్రివర్ణంపై అక్షరాలు వ్రాసి, అశోక చక్రం స్థానంలో నెలవంక పెట్టి కేసులలో చిక్కుకున్నారు. భక్తితోనే చేసి ఉండవచ్చు. కాని 2002 పతాక నియమావళి ప్రకారం జెండాపై ఏ వ్రాతా ఉండరాదు, కలిమా అయినా సరే. 1971 చట్టం కింద పతాకాన్ని అవమానిస్తే మూడు సంవత్సరాల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఒకే కర్రకు జాతీయ పతాకాన్నీ, పచ్చ జెండానూ కలిపి కట్టరాదు. పచ్చ జెండా దానికంటె ఎత్తుగా గాని, దాని సరసన గాని ఉండరాదు. దర్గా ఆవరణలో ఆగస్టు 15న జెండా ఎగరవేసేవారు దానికి వేరే కర్ర, వేరే చోటు చూచుకోవాలి. 2021 డిసెంబరు సవరణతో పాలిస్టరు జెండాలకూ అనుమతి వచ్చినది. 2022 జూలై సవరణతో ఇంటిపై రాత్రి కూడా ఉంచవచ్చును. చిరిగినది, మాసినది మాత్రం ఎగరవేయరాదు.

ఆ రాత్రి విప్పి మూట కట్టిన జెండాలు ఇంకా ఆ గ్రామంలోనే ఉన్నవి. రాబోయే మిలాద్‌కు వాటిని మళ్ళీ కట్టమని కమిటీ వారితో చెప్పాము. ముందుగా స్థానిక పోలీసు స్టేషనులో ఒక దరఖాస్తు ఇచ్చి, ఏ జెండాలు, ఎక్కడ, ఎన్ని రోజులు అన్నది అందులో వ్రాయమన్నాము, నకలుపై స్టేషను ముద్ర వేయించుకోమన్నాము. పతాక నియమాలలో ముఖ్యమైనవి తెలుగులోను, ఉర్దూలోను ఒక పుటలో వ్రాసి తెచ్చాము. అవి తలుపు దగ్గర బల్ల మీద ఉన్నవి, ప్రతి మస్జిదుకు రెండేసి తీసుకువెళ్ళండి.