మెడలోని నాలుగు గింజలు – ఒక రక్తపరీక్ష

(రఘునాథపల్లిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా వియ్యంకులవారికి వచ్చిన జబ్బుకు పేరు పెట్టడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ కాలమంతా ఆయన వెంట ఆసుపత్రులకు తిరిగాను. డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది మన సభ్యులకు పనికివస్తుందని ఈ నాలుగు మాటలు చెబుతున్నాను. ఆ జబ్బు పేరు పారాథైరాయిడ్ క్యాన్సర్. చాలా అరుదైనది.

గొంతు ముందు భాగంలో థైరాయిడ్ గ్రంథి ఉంటుందని మనందరికీ తెలుసు. దాని వెనుక, పక్కకు రెండేసి చొప్పున, సాధారణంగా నాలుగు చిన్న గ్రంథులుంటాయి. ఒక్కొక్కటి కందిగింజంత. వీటినే పారాథైరాయిడ్ గ్రంథులంటారు. పేరు కలిసినా థైరాయిడ్ పని వేరు, వీటి పని వేరు. రక్తంలో కాల్షియం తగ్గకుండా చూడటం వీటి ఉద్యోగం. మన ఎముకలు కాల్షియానికి ఖజానా వంటివి. రక్తంలో కాల్షియం తగ్గితే ఈ గ్రంథులు పి.టి.హెచ్. అనే హార్మోనును విడుదల చేసి ఖజానా నుండి తీయిస్తాయి. సరిపోగానే ఆపుతాయి. గ్రంథిలో గడ్డ ఏర్పడితే ఈ ఆపడం ఉండదు. ఎముకలు గుల్లబారతాయి, రక్తంలో కాల్షియం పెరుగుతుంది, అది మూత్రపిండాలలో రాళ్లుగా పేరుకుంటుంది.

ఈ గ్రంథులను మొదట గుర్తించింది మనిషిలో కాదు, మన దేశపు ఖడ్గమృగంలో. 1850 ప్రాంతంలో లండన్ జంతు ప్రదర్శనశాలలో చనిపోయిన ఖడ్గమృగాన్ని కోసి చూసిన రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రజ్ఞుడు వీటి గురించి రాశాడు. మనిషిలో ఉన్నాయని 1880లో స్వీడన్ దేశపు వైద్య విద్యార్థి ఐవార్ శాండ్‌స్ట్రోమ్ తెలియజేశాడు. 1925లో వియన్నా నగరంలో ఎముకల నొప్పులతో మంచం పట్టిన ఒక ట్రాము కండక్టరుకు ఫెలిక్స్ మాండ్ల్ అనే సర్జను ఈ గ్రంథిలోని గడ్డ తీసివేస్తే, అతడు లేచి నడిచాడు. కొన్నేళ్లకు జబ్బు తిరగబెట్టి చనిపోయాడు. అది క్యాన్సరే అయి ఉండవచ్చునని తరువాతి డాక్టర్లు కొందరు అనుమానించారు.

ఇక మా వియ్యంకులవారి సంగతి. మొదట కిడ్నీలో రాళ్లన్నారు. ఒకసారి తీశారు, మళ్లీ వచ్చాయి. ఆ పైన కడుపునొప్పి, మలబద్ధకం, ఆకలి మందగించడం. దానికి గ్యాస్ మందులు. మూడవ ఏట నడుము, తొడ ఎముకల నొప్పులు. మన పక్కనే పూర్వపు ఉమ్మడి నల్లగొండ జిల్లా. అక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మనకు కొత్త కాదు. చిన్నతనం ఆ ప్రాంతంలోనే గడిచింది కనుక ఇదంతా ఫ్లోరైడే అన్నారు చూసినవారు. రాళ్లకు ఒక డాక్టరు, కడుపుకు ఒకరు, ఎముకలకు ఒకరు. ఒకే విషయం మూడు సెక్షన్లలో మూడు ఫైళ్లుగా నడిచింది. మూడూ ఒకచోట చేర్చి చూసినవారు లేరు. నాలుగవ ఏట బాత్‌రూములో చిన్నగా జారితే తొడ ఎముక విరిగింది. అప్పుడు ఒక యువ డాక్టరు కాగితాలన్నీ ముందు పెట్టుకుని, రక్తంలో కాల్షియం పరీక్ష రాశారు. 14 దాటింది. సాధారణంగా 8.5 నుండి 10.5 మి.గ్రా. వరకు ఉండాలి.

ఫ్లోరైడ్ జబ్బుకూ దీనికీ తేడా ఉంది. ఫ్లోరోసిస్‌లో ఎక్స్‌రేలో ఎముకలు సాధారణంగా దట్టంగా కనపడతాయి, రక్తంలో కాల్షియం మామూలుగానే ఉంటుంది. పారాథైరాయిడ్ గడ్డలో ఎముకలు పలుచబడతాయి, కాల్షియం పెరుగుతుంది.

కాల్షియం పెరిగిన ప్రతివారికీ ఈ జబ్బు ఉన్నట్టు కాదు. డి విటమిన్ ఇంజక్షన్లు అదేపనిగా తీసుకున్నా, కొన్ని బి.పి. మాత్రల వల్లా, వేరే క్యాన్సర్ల వల్లా పెరగవచ్చు. అందుకే రెండవ మెట్టుగా పి.టి.హెచ్. పరీక్ష చేయిస్తారు. కాల్షియంతో పాటు అదీ ఎక్కువగా ఉంటే తప్పు చాలావరకు పారాథైరాయిడ్‌దే. అక్కడా భయపడనక్కరలేదు. ఇటువంటి గడ్డలలో అత్యధికం క్యాన్సర్ కానివే. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం క్యాన్సర్ నూటికి ఒకటి కంటే తక్కువ.

క్యాన్సరని అనుమానించవలసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. కాల్షియం 14 దాటడం. పి.టి.హెచ్. ఉండవలసిన దానికంటే ఐదు, పది రెట్లు ఉండటం. మెడలో గడ్డ చేతికి తగలడం. గొంతు బొంగురుపోవడం. కిడ్నీ, ఎముకలు రెండూ ఒకేసారి దెబ్బతినడం. క్యాన్సర్ కాని గడ్డలు ఆడవారిలో ఎక్కువ. క్యాన్సర్ మాత్రం ఆడ, మగ ఇద్దరికీ దాదాపు సమానంగా వస్తుంది.

ఒక ముఖ్యమైన మాట. మెడలో గడ్డ కనపడగానే సూది గుచ్చి పరీక్షకు పంపడం మామూలు. ఈ జబ్బు అనుమానం ఉన్నచోట ఆ సూది పరీక్ష సాధారణంగా వద్దంటారు. అది క్యాన్సరో కాదో తేల్చలేదు సరికదా, సూది దారిలో కణాలు చెదిరే ప్రమాదముంది. అల్ట్రాసౌండు, సెస్టమిబి స్కాను గడ్డ ఎక్కడుందో చూపుతాయి. క్యాన్సరని ఖాయంగా తేలేది ఆపరేషన్ తరువాత, గడ్డ పైపొరనూ రక్తనాళాలనూ దాటి పాకిందా అని మైక్రోస్కోపులో చూసినప్పుడే. అనుమానం ముందే ఉంటే సర్జను గడ్డను చిట్లనీయకుండా, ఆ పక్క థైరాయిడ్ భాగంతో సహా ఒకే ముద్దగా తీస్తారు. మొదటి ఆపరేషన్ సరిగా జరగడమే రోగికి ఆయుష్షు. అందుకే ముందుగా గుర్తించడం అంత అవసరం.

మా వియ్యంకులవారికి అలాగే చేశారు. ఆపరేషన్ తరువాత కాల్షియం ఒక్కసారిగా పడిపోయి, ఖాళీ అయిన ఎముకలు దాన్ని పీల్చుకుంటుంటే, కొన్ని వారాలు సెలైన్‌లోనూ మాత్రలుగానూ కాల్షియం ఇచ్చారు. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నారు. కానీ ఇది తిరగబెట్టే జబ్బు. కొన్ని నెలలకొకసారి కాల్షియం పరీక్ష జీవితాంతం తప్పదు. కొన్ని కుటుంబాలలో ఇది వంశపారంపర్యం కూడా. కనుక పిల్లలకు పరీక్ష అవసరమా అని డాక్టరును అడగాలి.

సభ్యులకు నా మనవి ఇది. రాళ్లు మళ్లీ మళ్లీ వస్తున్నా, చిన్న దెబ్బకే ఎముక విరిగినా, కారణం తెలియని నీరసం, దాహం, మలబద్ధకం, దిగులు వదలకపోయినా, ‘వయసు కదా’ అని సరిపెట్టుకోకండి. కాల్షియం పరీక్ష అవసరమేమో అడగండి. పెద్ద ఖర్చు కాదు. ఎక్కువని వస్తే హార్మోన్ల డాక్టరును కలవండి. హైదరాబాదులో నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రులలో ఆ విభాగాలున్నాయి. కాల్షియం బాగా పెరిగిన మనిషికి వాంతులై, మత్తుగా ఉండి, మాట తడబడితే తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

చివరగా, మనకు చేతనైన పని ఒకటుంది. మీ రిపోర్టులు, చీటీలు, ఎక్స్‌రేలు అన్నీ తేదీల వరుసలో ఒకే ఫైలులో పెట్టండి. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా మొత్తం ఫైలు చూపించండి. వేసుకునే ప్రతి మాత్ర పేరూ మొదటి పేజీలో రాయండి. సర్వీసంతా ఫైళ్లు కట్టినవాళ్లం, మన ఫైలు మనం కట్టుకోలేమా?