నాలుగు పొట్లాలతో మొదలు



సరుకు చేయడం ఆడవాళ్లకు కొత్త కాదు. అప్పడాలు, వడియాలు, ఊరగాయలు, చక్కిలాలు ఎవరింట్లో చేయరు? పని చేతిలోనే ఉంది. అమ్మే దగ్గరే చిక్కొస్తుంది. "మన సరుకు సంగతి నలుగురికీ తెలియాలంటే డబ్బు ఖర్చవుతుంది. అంత డబ్బు ఎక్కడిది?" అని చాలామంది వెనక్కి తగ్గుతారు.

జరిగిన కథ ఒకటి విందాం.

1959వ సంవత్సరం, మార్చి 15వ తేదీ. అప్పటి బొంబాయి, ఇప్పటి ముంబై. అక్కడ గిర్‌గావ్ అనే పేట ఉంది. ఆ పేటలో ఏడుగురు ఆడవాళ్లు ఒక డాబా మీద చేరారు. గుజరాతీ వాళ్లు. పెద్ద చదువులు లేవు. వంట వచ్చు, అప్పడాలు వత్తడం వచ్చు. వాళ్లలో ఒకామె జస్వంతీబెన్ పోపట్. గుజరాతీలో 'బెన్' అంటే అక్క, లేదా చెల్లెలు.

పెట్టుబడి 80 రూపాయలు. అది కూడా అప్పే. ఛగన్‌లాల్ పారేఖ్ అనే సంఘసేవకుడు ఇచ్చాడు. ఆయన్ని అందరూ ఛగన్‌బాపా అని పిలిచేవారు. ఆ డబ్బుతో అప్పడాలకు కావలసిన సరుకులు కొన్నారు. ఆ రోజు తయారైనవి నాలుగు పొట్లాలు. నాలుగంటే నాలుగే! వాటిని భులేశ్వర్ బజారులో తెలిసిన వ్యాపారికి అమ్మారు.

బోర్డు కట్టలేదు. పేపర్లో ప్రకటన వేయలేదు. తెలిసిన కొట్టు ఒక్కటి చూసుకున్నారు. విరిగిన అప్పడాలను కొట్టుకు పంపకుండా ఇరుగుపొరుగు ఇళ్లకు పంచారు. తిన్నవాళ్లు ఊరుకుంటారా? బాగుంటే పదిమందికి చెబుతారు. మూడు నెలలు తిరిగేసరికి ఏడుగురు కాస్తా 25 మంది దాకా అయ్యారు. మొదటి ఏడాది అమ్మకం 6,196 రూపాయలు.

అప్పటికి సరుకుకు పేరే లేదు. 1962లో పేరు కోసం పోటీ పెట్టారు. గెలిచిన వాళ్లకు బహుమతి 5 రూపాయలు. ఆ పేరే లిజ్జత్. రుచి అని అర్థం. అదే ఇవాళ కొట్లలో కనిపించే లిజ్జత్ పాపడ్. ఇప్పుడు ఆ సంస్థలో నలభై వేల మందికి పైగా ఆడవాళ్లు పని చేస్తున్నారు. జస్వంతీబెన్‌కు 2021లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

ఇదంతా ఒక ఎత్తు. మొదట్లో వాళ్లకు వచ్చిన ఒక ఆలోచన ఒక ఎత్తు. అప్పడాలు రెండు రకాలుగా చేద్దామనుకున్నారు. ఒకటి మంచి రకం. ఇంకోటి కాస్త తక్కువ రకం, తక్కువ ధరకు. పేదవాళ్లు కూడా కొంటారు కదా అని. ఛగన్‌బాపా వద్దన్నాడు. చేస్తే ఒకే రకం చేయండి, మంచిదే చేయండి, లెక్కలు సరిగ్గా రాయండి అని చెప్పాడు. వాళ్లు విన్నారు.

ఈ చిక్కు మన ఊళ్లలోనూ వస్తుంది. మినప్పప్పు ధర పెరుగుతుంది. కొట్టాయన చెవిలో ఊదుతాడు. "అమ్మా, కాస్త మైదా కలుపు. ఎవరికి తెలుస్తుంది?" కొన్నావిడకు తెలుస్తుంది! నూనెలో వేసిన నిమిషానికి తెలుస్తుంది. ఆమె ఏమీ అనదు. మళ్లీ రాదు, అంతే. ఎందుకు రాలేదో చెప్పడానికి కూడా రాదు. పప్పు ధర పెరిగితే పొట్లం ధర రెండు రూపాయలు పెంచి, ఎందుకు పెంచామో ఆ మాట చెప్పి అమ్మడం మేలు.

ఇప్పుడు లెక్క చూద్దాం. పలకో పుస్తకమో దగ్గర పెట్టుకోండి. ఇద్దరు ఆడవాళ్లు కలిసి ఒక రోజు అప్పడాలు చేశారనుకుందాం. ధరలు ఊరూరికీ మారతాయి. ఇక్కడివి లెక్క కోసం అనుకున్నవి.

మినప్పిండి 5 కిలోలు – 750 రూపాయలు
ఉప్పు, మిరియాలు, ఇంగువ వగైరా – 150
నూనె – 100
కవర్లు – 50
సంతకు ఆటో – 50
ఇద్దరి కూలి – 600
మొత్తం – 1,700 రూపాయలు

కూలి ఎందుకు వేశారని అడుగుతారు. ఇంట్లో ఆడదాని పనిని ఎవరూ లెక్క వేయరు. ఆమె కూడా వేసుకోదు. అందుకే సంతలో ఎవరైనా బేరమాడితే చటుక్కున ధర తగ్గించేస్తుంది. పుస్తకంలో కూలి కనిపిస్తే చేయి ఆగుతుంది.

పావు కిలో పొట్లాలు 20 వచ్చాయి. ఒక్కో పొట్లానికి ఖర్చు 85 రూపాయలు. 100 రూపాయలకు అమ్మితే 2,000 వస్తాయి. కూలి పోను మిగిలేది 300.

ఈ 300లోనే ప్రచారం కూడా జరగాలి. వెయ్యి పెట్టి ఫ్లెక్సీ కట్టిస్తే? మూడుసార్లకు పైగా అప్పడాలు చేసి అమ్మిన లాభం గాలిలో వేలాడినట్టే. పైగా రెండు వానలకు చిరుగుతుంది. దానికి బదులు ఒక పొట్లం విప్పాలి. సంతలో చిన్న స్టవ్వు పెట్టి, మూకుడులో నూనె పోసి వేయించాలి. వాసనకే మనుషులు ఆగుతారు. తలా ఒక ముక్క చేతిలో పెట్టాలి. అప్పుడు అమ్మేవి 19 పొట్లాలు. వచ్చేది 1,900. లాభం 200. ఆ తగ్గిన వంద ప్రచారం ఖర్చు. దాన్నీ పుస్తకంలో రాయాలి. పిల్లలు ముక్కల కోసం రెండుసార్లు వస్తారు, రానివ్వండి. వాళ్ల వెనకే తల్లులు వస్తారు.

కొట్టాయన పొట్లానికి 15 రూపాయలు తనకు వదలమంటాడు. వదిలితే చేతికి వచ్చేది 85. ఖర్చు కూడా 85. కూలి గిట్టింది, లాభం లేదు. మొదట్లో నాలుగు పొట్లాలు అలా ఇచ్చి చూడవచ్చు. ఎప్పటికీ అలాగే ఇస్తే మాత్రం మనం ఆయనకు కూలివాళ్లం. పెళ్లి వంటలు చేసేవాళ్లు, టిఫిను హోటళ్ల వాళ్లు, బడి పంతులమ్మలు నేరుగా కొంటారేమో అడగాలి.

ఇక అరువు. కొన్ని ఊళ్లలో ఉద్దెర అంటారు. చాలామంది మునిగేది ఇక్కడే. ఇరవై పొట్లాల్లో అయిదు అరువు పోయాయనుకోండి. రావలసినవి 500. లాభమే 300. అంటే లాభం మొత్తం పోయింది, కూలిలో ఇంకో 200 కూడా పోయాయి. మళ్లీ పిండి కొనడానికి వడ్డీకి తేవాలి. లిజ్జత్ అక్కలు డబ్బు ఇచ్చాకే సరుకు అనే పద్ధతి పెట్టుకున్నారు.

అయినా అడిగేది ఎవరు? పక్కింటి వదిన. మేనత్త. కాదంటే మొహం మాడుస్తారు. అక్కడ ఒకే మాట పనికొస్తుంది. "వదినా, ఇది ఇద్దరి సరుకు. రాత్రికి ఆమెకు లెక్క చూపించాలి." ఈ మాటకు ఎవరికీ కోపం రాదు. నిజమైన మాట కూడా. డబ్బు తక్కువగా ఉన్నవాళ్ల కోసం పది రూపాయల చిన్న పొట్లం కట్టి ఉంచాలి. చిన్న కవరు ఖర్చు కూడా లెక్క వేసుకుని అందులో ఎంత పెట్టాలో చూసుకోవాలి. అరువు అడిగిన చేతికి ఆ పొట్లం చూపించవచ్చు.

పొట్లం మీద ఏం రాయాలి? సరుకు పేరు, అందులో వేసినవి, బరువు, ధర, చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, ఎవరు చేశారు, ఫోను నంబరు. ఇంట్లో చేసి అమ్మే తిండి సరుకుకు కూడా ఆహార భద్రత శాఖలో నమోదు ఉండాలి. 2006 నాటి చట్టం అది. ఆ నంబరు కూడా పొట్లం మీద వేయాలి. అచ్చు వేయించే దాకా చేత్తో రాసిన చీటీ చాలు. అక్షరాలు వంకరగా ఉన్నా ఫరవాలేదు, తూకం మాత్రం వంకర పోకూడదు. చీటీలో 250 గ్రాములని రాసి 230 పెడితే, ఆ అబద్ధం కింద మన చేతిరాతే ఉంటుంది.

ఫోను ఉంటే ఇంకా సులువు. అప్పడాలు వేయించిన ఫొటో తీసి తెలిసిన వాళ్లకు పంపవచ్చు. డబ్బు ఖర్చు తక్కువ. కానీ జాగ్రత్త ఒకటి ఉంది. కొన్నవాళ్లు "డబ్బు వేశాం" అని తమ ఫోను చూపిస్తారు. అది కాదు చూడాల్సింది. మన ఫోనులో వచ్చిందో లేదో మనమే చదివి చూసుకోవాలి. డబ్బు రావడానికి పిన్ నొక్కమని ఎవరైనా అంటే అది మోసం. పిన్ డబ్బు పంపడానికి కావాలి, రావడానికి అక్కర్లేదు.

వానాకాలం సంగతి ఒకటి మిగిలింది. ఆ ఏడుగురు మొదలుపెట్టిన ఏడాది వానలు పట్టుకున్నాయి. ఎండ లేదు. అప్పడాలు ఆరలేదు. నాలుగు నెలలు పని ఆగిపోయింది. కొనేవాళ్లు కొట్టుకు వచ్చి అడిగితే సరుకు లేదు. నాలుగు నెలలు దొరకని సరుకును జనం మరిచిపోతారు, ఎంత రుచిగా ఉన్నా.

మరుసటి ఏడాది వాళ్లు ఒక మంచం కొన్నారు. ఒక స్టవ్వు కొన్నారు. అప్పడాలను మంచం మీద పరిచి, కింద స్టవ్వు వెలిగించారు. బయట వాన కురుస్తూనే ఉంది. అప్పడాలు ఆరాయి, కొట్టుకు వెళ్లాయి.