పాత జాబులను చదువుట



మన యిండ్లలో దూలమునకు వ్రేలాడుచు ఒక ఇనుప తీగ యుండెడిది. వచ్చిన జాబును చదివించుకొని, పని తీరిన పిదప దానికి గ్రుచ్చెడివారు. శిస్తు రసీదు, పెండ్లి శుభలేఖ, రంగమునుండి వచ్చిన కార్డు, అన్నియు ఆ తీగకే. చావు కబురు తెచ్చిన జాబును మాత్రము చదివిన వెంటనే చింపి పారవేయుట మనవారి ఆచారము. అందుచేత ఆ తీగలమీద మిగిలిన జాబులలో పెండ్లిండ్లు ఎక్కువగాను, మరణములు తక్కువగాను కనబడును. ఈ దినమున నేను ఆ తీగలను గూర్చియే మీతో మనవి చేయదలచితిని.

కొన్నియేండ్ల క్రిందట విజయనగరములో ఒక వృద్ధ పండితునియొద్ద నేను పాత జాబులకు నకళ్లు వ్రాయుట నేర్చుకొంటిని. నకలు తీయుటయే గాక, ప్రతి జాబును ఎవరు వ్రాసిరి, ఎవరికి వ్రాసిరి, ఎన్నడు వ్రాసిరి, అందలి తెలియని మాటకు అర్థమేమి అని అడుగున టిప్పణము చేర్చుట కూడ మా పని. జీతము లేదు. మధ్యాహ్న భోజనము పంతులుగారి యింటనే.

ఇట్టి పని ఆ ప్రాంతమునకు క్రొత్తది కాదు. కన్యాశుల్కము రచించిన గురజాడ వేంకట అప్పారావుగారు ఆనందగజపతి మహారాజులుంగారి కాలమున సంస్థానమునకు శాసన పరిశోధకులుగా నుండిరి. శ్రీకాకుళమునకు దగ్గరనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, శ్రీముఖలింగ దేవాలయమునందలి శాసనములను ఎవరును నేర్పకయే చదువ నేర్చిరి. ఇతరుల వ్రాతలను అట్లు చదివిన గురజాడవారు 1915 నవంబరు 30వ తేదీన కాలధర్మము నొందిన పిదప, వారి వ్రాతలను ఇంకొకరు చదువవలసి వచ్చెను. వారి దినచర్యలును జాబులును చాలవరకు ఇంగ్లీషులో నున్నవి. అవసరాల సూర్యారావుగారు వానిని పరిష్కరించి తెలుగుచేయగా విశాలాంధ్రవారు ప్రకటించిరి. దూరపు కడపలో దొరతనము చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర కూడ తన జాబులను పారవేయలేదు. బంగోరె యను పేరుతో వ్రాసిన బండి గోపాలరెడ్డిగారు 1970 తరువాతి సంవత్సరములలో వానిని శ్రద్ధతో చదివి అచ్చువేయించినందున, ఆ నాటి స్థానిక చరిత్ర కొంత మనకు దక్కినది.

పెద్దవారి జాబులను లోకము ఏదో విధముగా కాపాడును. మా పంతులుగారికి చిన్నవారి జాబులయందు మక్కువ. నాకు వారు మొదట అప్పగించినది వంశధార ప్రాంతపు ఒక రైతు కుటుంబమువారి కట్ట. ఆ యింటి చిన్నవాడు రంగము వెళ్లి కూలి చేసినవాడు. అతడు పంపిన జాబులును మనియార్డరు కూపనులును కలసి నలువదికి పైగా నున్నవి.

మీలో పలువురి పెద్దలు రంగము చూచినవారే యైయుందురు. కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము రేవులలో పొగయోడ యెక్కి, మేస్త్రీ యిచ్చిన బయానా తీర్చుటకై రేవులలోను బియ్యపు మిల్లులలోను వారు మూటలు మోసిరి. వారిలో వ్రాయనేర్చినవారు అరుదు. డబ్బిచ్చి వ్రాయించుకొనెడివారు. అందుచేత ప్రతి జాబును రెండు గొంతులతో మాటలాడును. "మహారాజరాజశ్రీ" యనియు, "ఉభయకుశలోపరి" యనియు మొదలుపెట్టువాడు వ్రాతకాడు. నాలుగు పంక్తులు గడచినంతనే "ఎర్ర ఆవు ఈనినదా" యని అడుగువాడు కూలివాడు.

చదువుటలో మొదటి చిక్కు గొలుసుకట్టు వ్రాత. కలమెత్తక అక్షరమునకు అక్షరము తగిలించుచు పోవుటచే, మాట ఎక్కడ ముగిసెనో మరియొకటి ఎక్కడ మొదలాయెనో తెలియదు. మన కరణముల లెక్కలు చదివిన పెద్దలకు నేను దీనిని విప్పి చెప్పనక్కరలేదు. నాకు మాత్రము మొదటి జాబు చదువుటకు మూడు దినములు పట్టినది. పంతులుగారు చెప్పిన ఉపాయ మేమనగా, కంటితో చదువక నోటితో చదువుట. బిగ్గరగా పలికినచో చెవికి తెలిసిన మాట చిక్కు విప్పుకొని బయటకు వచ్చును.

రెండవ చిక్కు కాలము. జాబుమీద "ప్రమోదూత సం॥ జ్యేష్ఠ శు॥" అని మాత్రమే యుండును. అరువది యేండ్లకొకసారి ఆ పేరే మరల వచ్చును గనుక, అది 1870వ సంవత్సరమా, 1930వ సంవత్సరమా? అప్పుడు తపాలా బిళ్ల సాక్ష్యము చెప్పును. బర్మా 1937 ఏప్రిలు 1వ తేదీన ఇండియానుండి వేరుపడెను. అంతకుముందు రంగమునుండి వచ్చిన జాబునకు ఇండియా బిళ్ల, ఆ దినమునుండి బర్మా పేరు ముద్రించిన బిళ్ల. ప్రమోదూత జాబుమీది బిళ్ల ఇండియాది, ముఖము అయిదవ జార్జి చక్రవర్తిది. కనుక 1930. అందులో "ఇక్కడ గల్లంతుగా నున్నది, నేను క్షేమము" అని ఒకే ముక్క. ఆ సంవత్సరము మే నెల చివర రంగము రేవులో తెలుగు కూలీలకును బర్మావారికిని ఘోరమైన కొట్లాట జరిగినది. టిప్పణములో ఆ సంగతి వ్రాయనిచో, ఆ ముక్కను మనుమలు సంతలోని గోల యనుకొందురు.

చిరునామాకు కూడ టిప్పణము కావలెను. పాత కవరుమీద "శ్రీకాకుళం, గంజాం జిల్లా" అని యుండును. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు శ్రీకాకుళము విశాఖపట్టణము జిల్లాలో చేరెను. 1950లో తానే జిల్లా ఆయెను. 1979లో విజయనగరము జిల్లా ఏర్పడెను. ఊరు కదలలేదు గాని దాని జిల్లా మారుచు వచ్చినది.

ఇక నా తప్పు. అప్పటికి పని కొంత అలవడి, నాకు గర్వము కూడ అలవడినది. వ్రాతకాని తప్పులను దిద్దుట నా ధర్మమని తలచితిని. "గెడ్డ ఆవలి మడి" అని యున్నచోట "గడ్డ" అని వ్రాసితిని. మన ప్రాంతమున గెడ్డ యనగా వాగు. గడ్డ యనగా మట్టిపెళ్ల. నా నకలులో వాగు మాయమై మట్టిపెళ్ల మిగిలినది. దానిని చూచి పంతులుగారు నవ్వి ఊరకుండిరి. తరువాతి దానికి నవ్వలేదు.

అది ఒక మనియార్డరు కూపను. రూపాయలు 15. దాని క్రింద వేలెడు చోటులో "పది ఇంటికి, అయిదు అప్పకు ఇవ్వవలెను" అని యుండెను. తీగ గ్రుచ్చిన రంధ్రము సరిగా ఆ మాటవద్దనే పడినది. కొమ్ము ఆ రంధ్రములో పోయినదని యూహించి నేను "అప్పుకు" అని వ్రాసితిని. రంగము వెళ్లినవాడు అప్పు తీర్చక మరేమి చేయును? మరి రెండు కూపనులలోను అట్లే దిద్దితిని. వానిలో రంధ్రము ఆ దరిదాపున కూడ లేదు.

పంతులుగారు నకలును మూలమును ప్రక్కప్రక్కన పెట్టుకొని చూచి, "ఈ కొమ్ము వాడు పెట్టెనా, నీవు పెట్టితివా?" అని యడిగిరి. నేను రంధ్రము చూపితిని. వారు కూపనును కిటికీ వెలుతురున కెత్తిరి. రంధ్రము అక్షరమునకు ఎడమ ప్రక్కన నున్నది. కొమ్ము ఉండవలసిన కుడి ప్రక్క కాగితము చెక్కుచెదరలేదు. "మీ యింట అక్కను ఏమని పిలుతువు?" అని మరల అడిగిరి. నా నోట మాట రాలేదు. మా యింటిలోను "అప్ప" యనియే పిలుతుము.

కట్ట యంతయు మరల చదివితిమి. వేరొక జాబులో "అప్ప కొడుకును బడికి పంపుడు" అని దొరకినది. అప్పునకు కొడుకుండడు గదా.

ఇది ఒక కొమ్ము సంగతి యని మీరనవచ్చును. ఆ కుటుంబమున అది కొమ్ముతో పోలేదు. రంగము సొమ్మంతయు తండ్రి చేసిన అప్పుకే సరిపోయెనని పెద్దన్న శాఖవారి మాట. తమ్ముడు సముద్రము దాటి, వితంతువైన అప్పను మరచెనని ఆమె శాఖవారి బాధ. ఈ మాటపైననే రెండిండ్లవారు రెండు తరములు పెండ్లిండ్లకు పిలుచుకొనలేదు. పెద్దన్నకు చదువు రాదు. ఆ కూపనులను అతనికి ఎవరు చదివి వినిపించిరో, వారు అప్ప యనిరో అప్పు అనిరో కాగితము చెప్పదు. మేమును చెప్పలేదు. టిప్పణములో "అప్ప: అక్క" అని మాత్రమే వ్రాసితిమి.

పెద్దన్న మనుమడు, మర్యాదస్థుడు, వచ్చి ఆ మాటను అచ్చులో వేయవలదని పంతులుగారిని వేడుకొనెను. ఇంటి పరువన్నాడు. పంతులుగారు చాలసేపు ఆలోచించి, "ఊరి పేరు తీసివేయుదును, మీ యింటి పేరు తీసివేయుదును, వాని మాట తీయను" అనిరి. అతడు కొంత కినుకతోనే వెళ్లిపోయెను. ఆతనిది తప్పని నేను నేటికిని అనలేను. చచ్చిన తాతను గూర్చి సగము తెలిసిన సంగతి వినుట యెవరికైనను కష్టమే.

మాటవరుసకు ఒక మనవి. మీ యింట కట్టలున్నచో జిగురు పూసి అతికింపకుడు. గుండుసూది త్రుప్పు కాగితమును తినును గనుక దానిని మెల్లగా తీసివేయుడు. ఎండ బెట్టకుడు. అన్నిటికంటె ముఖ్యము, మీరు జ్ఞాపకము గలిగి యుండగానే ఒక పిల్లవానిని కూర్చుండబెట్టుకొని చదివింపుడు. జాబులోని "చిన్నబాబు" ఎవరో, "తూర్పింటివారు" ఎవరో ఏ గ్రంథమునను లేదు. అది మీకే తెలియును. పిల్లవాడు దిద్దబోయినచో చేయి పట్టుకొనుడు.

కట్టలోని కడపటి జాబు వృష సంవత్సర కార్తీక బహుళములోనిది, అనగా 1941 నవంబరు. తరువాతి నెల 23వ తేదీన జపానువారు రంగముమీద బాంబులు వేసిరి. మనవారు వేలకొలది కాలినడకను అరకాను కొండలు దాటి బయలుదేరిరి. దారిలోనే పోయినవా రెందరో. ఈతని జాబు మరల రాలేదు.

అప్ప కుమార్తె అప్పటికి డెబ్బదియైదేండ్లు దాటిన ముదుసలి. కబురు పెట్టగా బస్సెక్కి వచ్చినది. నేను మూడు కూపనులను చదివి వినిపించితిని. "ఆ మాట మళ్లీ సదువు, బాబూ" అనెను. చదివితిని. "మా మావ మరిసిపోనేదు" అని, కొంగుతో ముఖము తుడుచుకొని, కాగితమును తన చేతికిమ్మనెను. చదువ నేర్వనిది, ఐనను అక్షరము ఏదో చూపుమనెను. నేను వ్రేలితో "అప్ప" చూపితిని. రంధ్రము ప్రక్కనే యున్నందున, తరువాత తానే వెదకి పట్టుకొనుట ఆమెకు సులభమాయెను.