చాంబర్ కింద పడే చుక్క

(బండ్లు నడుపుకునే సభ్యుల కోసం ఆదివారం ఉదయం యూనియన్ ఆఫీసు ఆవరణలో జరిగిన మొదటి తరగతిలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం. రాలేకపోయిన సభ్యుల కోరికపై ప్రచురిస్తున్నాము.)



ఎప్పుడూ బోనస్ గురించి, పీఎఫ్ గురించి, కూలి రేట్ల గురించి మాట్లాడే మేము ఈ రోజు ఇంజన్ కింద కారే ఆయిల్ గురించి మాట్లాడబోతున్నాము. కార్యవర్గంలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు ఇద్దరు ముగ్గురు పెద్దలు "ఇది యూనియన్ చేయవలసిన పనేనా?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు చెబుతాము.

సోలాపూర్‌లో పెద్ద మిల్లుల భోంగాలు ఒక్కొక్కటే ఆగిపోయాక మన వాళ్ళు ఏ దారి పట్టారో మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఎక్కువమంది సాంచెల మీదికి, అంటే చాదర్ల, టెర్రీ తువ్వాళ్ళ కార్ఖానాల్లోకి పోయారు. కొందరు మాత్రం ఇంట్లో ఆడవాళ్ళు బీడీలు చుట్టి కూడబెట్టిన డబ్బుకు అప్పు కలిపి పాత ఓమ్నీ వ్యాను కొన్నారు. నూలు తెచ్చి తువ్వాళ్ళ మూటలు చేరవేస్తున్నారు. ఆ వ్యాను 1984లో వచ్చింది, 2019లో దాని తయారీ ఆగిపోయింది. మూడు సిలిండర్లు, 796 సీసీ ఇంజన్. కొత్తది దొరకదు కాబట్టి ఉన్నదాన్నే కాపాడుకోవాలి. ఆ ఇంజన్ పోతే పోయేది ఒక యంత్రం కాదు, ఒక ఇంటి బీడీల డబ్బు.

మన సభ్యుడొకరి బండికి జరిగింది చెబుతాము. పేరు వద్దు, ఆయన ఇక్కడే కూర్చున్నారు. బండి కింద రోజూ నాలుగైదు చుక్కలు పడుతుండేవి. ఒక గ్యారేజీలో చూపిస్తే చాంబర్ బోల్టులు గట్టిగా బిగించి పంపారు. నెల తిరక్కుండా కారడం ఇంకా ఎక్కువైంది. మళ్ళీ పోతే ఈసారి చాంబర్ విప్పి, పాత ప్యాకింగ్ మీదనే సిలికాన్ దట్టంగా పూసి బిగించారు. కారడం ఆగింది, ఈయన సంతోషపడ్డారు. కొన్నాళ్ళకు తుల్జాపూర్ ఘాట్ ఎక్కుతుండగా ఎర్ర లైటు వెలిగింది. పైకి చేరాక ఆపుదామనుకున్నారు. పైకి చేరేలోపే ఇంజన్ టకటకమంది, ఆగిపోయింది. విప్పి చూస్తే చాంబర్ నిండా ఆయిల్ ఉంది. కానీ ఆ ఆయిల్‌ను పంపు పీల్చుకునే జాలీకి సిలికాన్ ముక్కలు అడ్డుపడ్డాయి. బేరింగులు పోయాయి, క్రాంకు గీతలు పడింది. ఆ అప్పు తీర్చడానికి ఆయన మళ్ళీ రాత్రి పాళీ సాంచెల మీదికి వెళుతున్నారు. ఇది యూనియన్ పని అవునో కాదో మీరే చెప్పండి.

ఇక విషయానికి వద్దాము. ఇంజన్ అడుగున బోల్టులతో బిగించిన రేకు తొట్టి ఉంటుంది. ఆయిల్ అంతా అందులోనే నిలుస్తుంది. మెకానిక్కులు దాన్ని చాంబర్ అంటారు. ఆ తొట్టి అంచుకూ ఇంజన్ బ్లాకుకూ మధ్య ఉండే కార్క్ లేదా రబ్బరు పట్టీయే ప్యాకింగ్. రింగ్ ఫ్రేమ్ గేర్‌బాక్సు మూత కింద ప్యాకింగ్ వేసిన ఫిట్టర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. పని అదే. తేడా ఒక్కటే, మిల్లులో మూత పైన ఉండేది, ఇక్కడ తొట్టి కింద ఉంటుంది. కింద ఉండడం వల్ల రెండు చిక్కులు: ఎక్కడ కారినా ఆయిల్ చివరికి చాంబర్ మీదికే దిగుతుంది, పని చేయాలంటే మనం బండి కిందికి పోవాలి.

మొదటి చిక్కు చూద్దాము. చుక్క చాంబర్ అంచున వేలాడుతోంది కాబట్టి చాంబర్ ప్యాకింగే పోయిందనుకోవద్దు. పైన ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర కారినా అక్కడికే వస్తుంది. ఆయిల్ ఫిల్టర్ వదులైనా, ప్రెషర్ స్విచ్ కారినా, ముందరి క్రాంక్ సీలు పోయినా అంతే. బండి పరుగెత్తేటప్పుడు గాలి దాన్ని వెనక్కి తోస్తుంది కూడా. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట నుంచి చుక్క పడుతుంటే అది వెనక క్రాంక్ సీలు కావచ్చు. దానికి చాంబర్ ప్యాకింగ్ ఎన్నిసార్లు మార్చినా డబ్బు దండగ. ఒక్కోసారి డ్రైన్ బోల్టు కింద వాషర్ అరిగిపోయి ఉంటుంది, దానితోనే పని అయిపోతుంది.

కాబట్టి ముందు కడగండి. డీజిల్‌తో, బ్రష్షుతో ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కడిగి, గుడ్డతో పొడిగా తుడవండి. పెట్రోలుతో కడగవద్దు, నిప్పు దానికి పెద్ద దూరం కాదు. బాగా ఆరాక చాంబర్ అంచు చుట్టూ, దాని పైభాగాన ముఖానికి వేసుకునే పౌడరు చల్లండి. నాలుగైదు కిలోమీటర్లు నడిపి వచ్చి టార్చి వేసి చూడండి. తెల్లటి పౌడరు మీద ఆయిల్ ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు కనబడుతుంది. బట్టలో మరక పడితే అది పడుగులో వచ్చిందా పేకలో వచ్చిందా అని వెతికే కళ్ళు మనవి. ఇది అంతకంటే కష్టం కాదు.

ఇంకొక్కటి. ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే రబ్బరు గొట్టం మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్‌ను ప్యాకింగుల్లోంచి బయటికి తోస్తుంది. ఆ గొట్టం శుభ్రం చేయకుండా కొత్త ప్యాకింగ్ వేస్తే అదీ నిలవదు. పిస్టన్ రింగులు అరిగిపోయిన ఇంజన్‌లోనూ ఇదే బాధ.

చాంబర్ ప్యాకింగే అని తేలింది. ఇప్పుడు రెండో చిక్కు, బండి కిందికి పోవడం. మిల్లు రోజుల్లో యంత్రాల చుట్టూ కంచె కోసం కొట్లాడినప్పుడు 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ మన చేతిలో ఉండేది. గల్లీలో సొంత బండి కింద దూరేవాడికి ఏ సెక్షనూ లేదు, ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. ఆ వ్యాను బరువు ఎనిమిది వందల కిలోలకు దగ్గరగా ఉంటుంది. జాకీ అనేది బండిని ఎత్తడానికి మాత్రమే, నిలబెట్టడానికి కాదు. దాని సీలు పోవచ్చు, నేల మెత్తగా ఉంటే అది ఒరగవచ్చు. ఇటుకల మీద నిలబెడతామంటారు. ఇటుక పగిలే ముందు కబురు పంపదు. అందుకే యూనియన్ చందా డబ్బుతో నాలుగు ఇనుప స్టాండ్లు కొన్నాము. సమనేల మీద బండి పెట్టాలి. హ్యాండ్‌బ్రేకు వేసి, నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టాలి. జాకీతో ఎత్తాక చాసిస్ గట్టిగా ఉన్నచోట స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దించి, బండిని చేత్తో ఊపి చూడాలి. కదిలితే కిందికి పోవద్దు. పక్కన ఇంకొక మనిషి లేకుండా కూడా పోవద్దు. ఈ మాట వినని సభ్యుడికి స్టాండ్లు ఇవ్వము, ఎవరు బాధపడినా సరే.

ఆయిల్ దించడానికి ఇంజన్ గోరువెచ్చగా ఉండాలి, కాలకూడదు. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. దించిన ఆయిల్‌ను డబ్బాలో పట్టండి, మోరీలో పోయవద్దు. దాన్ని కొనేవాళ్ళు ఉన్నారు, ఆఫీసులో డ్రమ్ము పెట్టాము. తరువాత పదో నంబరు పానాతో బోల్టులు ఒక్కొక్కటే వదులు చేస్తూ రండి. నాలుగు మూలల బోల్టులు చివరిదాకా ఉంచాలి, లేకపోతే చాంబర్ మొహం మీద పడుతుంది. బోల్టులు తీసినా అది ఊడి రాదు, ఏళ్ళ తరబడి అంటుకుపోయి ఉంటుంది. అప్పుడు స్క్రూడ్రైవరు దూర్చి పెకలించాలని చెయ్యి దురద పెడుతుంది. వద్దు. బ్లాకు ముఖం మీద పడ్డ గీత మళ్ళీ పూడదు, ప్రతి ప్యాకింగూ అక్కడే కారుతుంది. చెక్క ముక్క ఆనించి పక్కల నుంచి సుత్తితో మెల్లగా తట్టండి, వస్తుంది.

చాంబర్ కిందికి దిగాక ముందు లోపల చూడండి. అడుగున మెరిసే లోహపు పొట్టు ఉంటే బేరింగులు అరుగుతున్నాయని అర్థం, అప్పుడు తెలిసిన మెకానిక్‌ను పిలవాలి. జాలీ శుభ్రంగా ఉందో లేదో చూడండి. పాత ప్యాకింగ్‌ను రెండు ముఖాల మీద నుంచీ ఆసాంతం గీకి తీయాలి. గీకిన ముక్క ఒక్కటి కూడా ఇంజన్ లోపలికి పోకూడదు.

ఇప్పుడు చెప్పేది అసలు సంగతి, శ్రద్ధగా వినండి. చాలా చాంబర్లు కారేది ప్యాకింగ్ చెడిపోయి కాదు, రేకు అంచు వంకరపోయి. బోల్టును మితిమీరి బిగించినప్పుడు రంధ్రం చుట్టూ రేకు పైకి లేచి బొడిపె కడుతుంది. బోల్టు దగ్గర నొక్కుకుంటుంది, రెండు బోల్టుల మధ్య సందు పడుతుంది. కారుతోందని ఇంకా బిగిస్తాము, సందు ఇంకా పెరుగుతుంది. మన సభ్యుడి బండికి మొదటిసారి జరిగింది అదే. ఉక్కు స్కేలు అంచు మీద నిలబెట్టి చుట్టూ చూడండి, కింద వెలుతురు కనబడిన చోటల్లా వంకర ఉన్నట్టే. అంచును నున్నటి ఇనుప దిమ్మె మీద పెట్టి, లేచిన రంధ్రాలను చిన్న సుత్తితో మెల్లగా సమం చేయాలి. దీనికి అరగంట పడుతుంది. హడావుడిలో ఉన్న గ్యారేజీలో ఆ అరగంట మీకు దొరకదు.

రెండు ముఖాలనూ చమురు జిడ్డు లేకుండా తుడిచాక ప్యాకింగ్ పెట్టండి. కార్క్ అయినా రబ్బరు అయినా పొడిగానే పెట్టాలి. సిలికాన్ మీద రబ్బరు జారి పక్కకు పోతుంది. బేరింగ్ క్యాపు బ్లాకును కలిసే మూలల్లో మాత్రం పప్పుగింజంత సిలికాన్ చాలు. కొన్ని కార్లకు కంపెనీయే ప్యాకింగ్ లేకుండా సిలికాన్‌తో బిగిస్తుంది. అలాంటి వాటికి మూడు మిల్లీమీటర్ల సన్నటి తీగలా, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా, తెగకుండా వేయాలి. ఎక్కువ వేస్తే బయటికి వచ్చింది మనకు కనబడుతుంది, లోపలికి పోయింది కనబడదు. జాలీకి అడ్డుపడేది ఆ కనబడనిదే.

బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి పెట్టండి. తరువాత మధ్య నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి చివరలకు పోతూ, రెండు మూడు విడతలుగా బిగించండి. అవి ఆరు మిల్లీమీటర్ల బోల్టులు. వాటి బిగువు సుమారు 10 న్యూటన్ మీటర్లు. అంటే పది సెంటీమీటర్ల పొడవున్న పానా చివర పది కిలోల లాగుడు. మూడు వేళ్ళతో లాగండి, భుజం బలం వాడవద్దు. అనుమానం ఉన్నవాళ్ళకు ఆఫీసులో టార్క్ పానా ఉంది. బిగువు చాలిందో లేదో కార్క్‌ను చూస్తే తెలుస్తుంది. సమంగా నొక్కుకోవాలి, బయటికి ఉబ్బి రాకూడదు.

డ్రైన్ బోల్టుకు కొత్త వాషర్ వేయండి. సిలికాన్ వాడితే ట్యూబు మీద రాసినంత సేపు ఆగాకే ఆయిల్ పోయాలి. ఎవరో తొందర పెడుతున్నారని రెండు గంటలకే పోయవద్దు. ఇంజన్ నడిపి కింద చూసి, ఆపి, ఆయిల్ దిగేదాకా ఆగి గేజి పుల్ల తీసి చూడండి. తరువాత కూడా వారానికొకసారి పుల్ల చూడాలి. ఎర్ర లైటును నమ్ముకోవద్దు. అది ఆయిల్ తగ్గుతోందని చెప్పదు, ప్రెషర్ పోయిందని చెబుతుంది. వెలిగిన చోటే బండి ఆపి ఇంజన్ కట్టేయాలి. ఘాటయినా, సరుకు కోసం సేఠ్ అరుస్తున్నా అంతే.

మెకానిక్కుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఈ తరగతి వాళ్ళ పొట్ట కొట్టడానికి కాదు. వాళ్ళూ కార్మికులే. చాలామంది మనకంటే తక్కువకు, ఏ బీమా లేకుండా పని చేస్తున్నారు. చేతకాని పని వాళ్ళకే ఇవ్వండి, కూలి సరిగ్గా ఇవ్వండి. అంచు సమం చేశారా, పాత ప్యాకింగ్ పూర్తిగా తీశారా అని మాత్రం అడగండి. పని తెలిసినవాడు అడిగితే ఎదుటివాడూ శ్రద్ధగా చేస్తాడు, ఇది మనం సాంచెల దగ్గర చూసిందే.

వచ్చే ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు ఇదే ఆవరణలో ఒక బండి చాంబర్ విప్పుతాము. బండి మా ఉపాధ్యక్షులది, ఆయన ఒప్పుకున్నారు. ప్యాకింగ్ ఆయనే తెచ్చుకుంటారు. వచ్చేవాళ్ళు పాత గుడ్డలు, పదో నంబరు పానా ఉంటే పానా తీసుకురండి. చిన్న పిల్లలను తీసుకురావద్దు. స్టాండ్లు ఇంటికి కావలసినవాళ్ళు పేరు, బండి నంబరు రిజిస్టరులో రాసి సంతకం పెట్టి తీసుకుపోవచ్చు. మరునాడు సాయంత్రంలోగా తిరిగి ఇవ్వాలి, వెనక ఇంకొకరు కాచుకుని ఉంటారు.