గుర్తులు – అనుమానములు
(చండ్రుగొండ సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



లోకమును ఒక రహస్య సంఘము చాటునుండి నడుపుచున్నదనియు, సబ్బు పొట్లము మీది గీతలలో సహితము 666 దాగియున్నదనియు మనము వినుచున్నాము. ఈ భయముచేత ఆధార్ కార్డుకు, కరోనా టీకాకు జంకినవారు గలరు. కనుక ఈ మాటలను తూచి చూచుదము.

ఇల్లూమినాటి అను సంఘము ఒకప్పుడు నిజముగానే ఉండెను. 1776 మే 1న బవేరియాలో ఆడమ్ వైస్‌హాప్ట్ అను ఆచార్యుడు దానిని స్థాపించెను. 1785 నాటికి ప్రభుత్వము నిషేధించగా అది అణగిపోయెను. డాలరు నోటుపైనున్న 1776 వారి గుర్తు కాదు, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన సంవత్సరము. ఫ్రీమేసన్లు నేటికిని ఉన్నారు. హైదరాబాదులోని గోషామహల్ బారాదరి వారి కూటస్థలము. తలుపులు మూసి కూడుదురు గనుక అట్టి లాడ్జీలను మన దేశపు జనులు జాదూఘర్ అనిరి. మూసిన తలుపు వెనుక ఏమున్నదో తెలియనప్పుడు మన ఊహయే ఆ గదిని నింపును.

ఇక పొట్లము మీది గీతలు. 1974లో అమెరికా దుకాణములో వాడుకలోనికి వచ్చిన ఆ బార్‌కోడ్‌లో మొదట, నడుమ, చివర సన్నని జంట గీతలుండును. యంత్రమునకు హద్దు చూపుటయే వాటి పని. 6 అంకెకు జంట గీతలతోపాటు ప్రక్కన వెడల్పైన ఖాళీయు కావలెను. హద్దు గీతలకు అది లేదు. రెండవ శతాబ్దములోనే ఐరేనియస్, ఆ సంఖ్యకు అనేక నామములు సరిపోవుచున్నవి గనుక తొందరపడి ఒకటి నిశ్చయింపరాదని హెచ్చరించెను.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. మన అడవి పల్లెలలో పశువు చచ్చిన దినమున వాకిట నిమ్మకాయ కనబడిన, రెంటిని ముడివేసి ఏ దిక్కులేని ముసలమ్మమీదనో చేతబడి నింద మోపుదురు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకొనిపోవువారు తిరుగుచున్నారని ఫోన్లలో వచ్చిన వదంతిని నమ్మి, మన తెలంగాణలోనే జనులు గుంపుగూడి నిరపరాధులను కొట్టి చంపిరి. గీతలో శత్రువును చూచిన కన్నే పొరుగువానిలోను శత్రువును చూచును.

యెహోషువ గ్రంథము 22వ అధ్యాయము జ్ఞాపకము చేసికొనుడి. యొర్దాను దగ్గర క్రొత్త బలిపీఠము కనబడగా ఇశ్రాయేలీయులు దానిని తిరుగుబాటని తలంచి యుద్ధమునకు కూడుకొనిరి. అయితే ముందుగా ఫీనెహాసును, పదిమంది ప్రధానులను పంపి అడిగించిరి. అది సాక్ష్యార్థమై కట్టినదని తేలెను, యుద్ధము తప్పెను.

మనమును అట్లే చేయుదము. జ్వరము వచ్చిన ఆసుపత్రికి పోవుదము. వదంతి వచ్చిన, ఇతరులకు పంపకమునుపు విచారించుదము. పొరుగువానిపై అనుమానము కలిగిన, అతని ఇంటికే వెళ్లి అడుగుదము.