కరెంటు బిల్లులో ఆ 40 పైసలు: వేసేది ఎవరు, అడగాల్సింది ఎక్కడ?

ఈరోజు టాపిక్ కొంచెం డ్రైగా అనిపిస్తుంది గానీ డబ్బులు మాత్రం మన జేబులోవే. ఒకసారి ఫోన్‌లో మీ ఇంటి కరెంటు బిల్లు ఓపెన్ చేయండి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకి అందులో ఎఫ్‌పీపీసీఏ అని ఒక లైన్ కనిపిస్తుంది. ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు అన్నమాట. పేపర్లో సర్దుబాటు ఛార్జీ అని రాస్తారు, ఇంట్లో పెద్దవాళ్లు ట్రూ అప్ అంటారు.

ఇది ఎక్కడ పుడుతుందో చూద్దాం. డిస్కంలు ఎక్కువ కరెంటుని దీర్ఘకాల ఒప్పందాల మీద కొంటాయి. సరిపోకపోతే పవర్ ఎక్స్ఛేంజీకి వెళ్తాయి. ఇండియాలో అన్నిటికంటే పెద్దది ఐఈఎక్స్, 2008 నుంచి నడుస్తోంది. అక్కడ ఒక రోజుని 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్కకి ఒక్కో రేటు. మధ్యాహ్నం సోలార్ దండిగా ఉంటే రేటు దిగుతుంది. పొద్దు వాలాక, అందరిళ్లలో ఏసీలు ఆన్ అయ్యాక ఎక్కుతుంది. 2022 మార్చిలో ఎండలు ముదిరి, డిమాండ్ పెరిగి యూనిట్ రేటు 20 రూపాయల దాకా పోయింది. అప్పుడు కేంద్ర నియంత్రణ మండలి, అంటే సీఈఆర్‌సీ, 12 రూపాయలు దాటకూడదని ఆర్డర్ ఇచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో దాన్ని 10కి దించింది.

సరే, రేటు పెరిగితే డిస్కంకి కదా నష్టం, మనకేంటి అంటారా? టారిఫ్ అనేది ఏడాది మొదలవకముందే అంచనా మీద ఫిక్స్ చేస్తారు. అసలు ఖర్చు అంచనా దాటితే ఆ తేడా మన బిల్లులోకే వస్తుంది. 2022 డిసెంబర్‌లో కేంద్రం తెచ్చిన రూల్స్‌తో ఈ తేడాని నెలనెలా ఆటోమేటిక్‌గా వసూలు చేసే పద్ధతి వచ్చింది. ఏపీలో దీనికి యూనిట్‌కి 40 పైసలు పరిమితి. 200 యూనిట్లు వాడే ఇంటికి నెలకి 80 రూపాయలు.

డిస్కంల వాదనలోనూ నిజం ఉంది. బొగ్గు రేటు వాళ్ల చేతిలో లేదు. వసూలు ఆలస్యమైతే అప్పు పెరుగుతుంది, ఆ వడ్డీ కూడా చివరికి మన నెత్తినే పడుతుంది. కానీ ఆటోమేటిక్ అంటే ముందు వసూలు, తర్వాత లెక్క. అందుకే ఆ తర్వాతి లెక్కని ఎవరో ఒకరు గట్టిగా చూడాలి.

చూస్తే ఏమవుతుందో రెండు ఉదాహరణలు చెప్తాను. 2022-23 సర్దుబాటు కింద ఏపీ డిస్కంలు సుమారు 8,114 కోట్లు అడిగాయి. ఏపీఈఆర్‌సీ లెక్కలు చూసి 2024 అక్టోబర్‌లో ఒప్పుకున్నది సుమారు 6,073 కోట్లు. అంటే 2,000 కోట్లకు పైనే కోత. రెండోది ఇంకా ఆసక్తికరం. 2024-25లో నెలనెలా 40 పైసలు వసూలు చేశారు కదా, తర్వాత చూస్తే అంత అవసరం లేదని తేలింది. దాదాపు 923 కోట్లు జనానికి వెనక్కి ఇవ్వాలని, 2025 నవంబర్ నుంచి యూనిట్‌కి 13 పైసల చొప్పున తగ్గించాలని కమిషన్ చెప్పింది. దీన్ని ట్రూ డౌన్ అంటారు. ట్రూ అప్ అందరికీ తెలుసు, ఈ మాట మాత్రం చాలామంది విని ఉండరు.

ఇంకో సంగతి. పాత ఏడాది ఖర్చు ఇప్పుడు వసూలు చేస్తే అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకి చిక్కే. మీటర్ అదే ఉంటుంది, మనుషులు మారిపోతారు. మొన్న దిగినవాడు నిన్నటివాడి బాకీ ఎందుకు కట్టాలి? ఈ ప్రశ్న ఓనర్‌నో లైన్‌మెన్‌నో అడిగితే లాభం లేదు. అడగాల్సిన చోటు వేరే ఉంది.

విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 64 ప్రకారం టారిఫ్ దరఖాస్తు వస్తే దాన్ని జనానికి తెలిసేలా ప్రకటించాలి. వచ్చిన సలహాలు, అభ్యంతరాలు పరిశీలించాకే, 120 రోజుల్లోపు, కమిషన్ ఆర్డర్ ఇవ్వాలి. నోటీసు పేపర్లో వస్తుంది, కమిషన్ వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది. రాతపూర్వకంగా పంపొచ్చు, బహిరంగ విచారణలో మాట్లాడొచ్చు. లాయర్ అక్కర్లేదు.

ఎలా రాయాలి? నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు, "యాప్ పనిచేయట్లేదు" అని ఎవరైనా మెసేజ్ పెడితే ఏం చేయాలో తెలిసేది కాదు. ఏ స్క్రీన్, ఏ బటన్, ఏ ఎర్రర్ అని రాస్తేనే పని కదిలేది. ఇక్కడా అంతే. "ఛార్జీలు తగ్గించండి" అని రాస్తే అది మన బాధ, అంతవరకే. "ఫలానా పేజీలో, ఫలానా పట్టికలో, ఎక్స్ఛేంజీలో కొన్న యూనిట్ సగటు రేటు ఇంత చూపించారు. ఒప్పందం ఉన్న ప్లాంట్ల నుంచి అప్పుడు ఎందుకు తీసుకోలేదు?" అని రాయండి. ఇలాంటి ప్రశ్న రికార్డులో ఉండిపోతుంది, పక్కన పెట్టేయడం అంత తేలిక కాదు.

2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు ఛార్జీల పెంపుని వ్యతిరేకిస్తూ వెళ్లినవాళ్ల మీద కాల్పులు జరిగాయి, ముగ్గురు చనిపోయారు. మనలో చాలామందికి అప్పటికి ఊహ కూడా తెలియదు. కరెంటు రేటు అనేది మన రాష్ట్రాల్లో ఉత్త అంకెల గొడవ కాదని గుర్తుంచుకోవాలి.

ముందు ఇంకో మార్పు ఉంది. 2023లో కేంద్రం మార్చిన రూల్స్‌లో, స్మార్ట్ మీటర్ ఉన్న ఇళ్లకి కూడా టైమ్ ఆఫ్ డే టారిఫ్ అన్నారు. పగలు సోలార్ గంటల్లో కనీసం 20 శాతం తక్కువ, పీక్ గంటల్లో ఇళ్లకి కనీసం 10 శాతం ఎక్కువ. పగలంతా ఆఫీసులో ఉండి, రాత్రికి ఇంటికొచ్చి వాషింగ్ మెషీన్ వేసే మనలాంటివాళ్లకి ఇది లాభమా నష్టమా? పీక్ గంటలు అంటే ఏ గంటలో నిర్ణయించేది రాష్ట్ర కమిషనే. అది కూడా విచారణలోనే తేలుతుంది.

కాబట్టి ఒక్క పని చేయండి. ఏపీలో ఉంటే ఏపీఈఆర్‌సీ, తెలంగాణలో ఉంటే టీజీఈఆర్‌సీ వెబ్‌సైట్‌లో పబ్లిక్ నోటీసులు ఒకసారి చూడండి. గడువు తేదీని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. కామెంట్లో నాకు రాసింది నేను మాత్రమే చదువుతాను. అక్కడికి పంపితే మాత్రం దాన్ని పరిశీలించకుండా వాళ్లు ఆర్డర్ ఇవ్వకూడదు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.