గాజుపెట్టెలో తాటాకు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడి తిని, పంచాంగ శ్రవణం విని, ఆదాయ వ్యయాలూ రాజపూజ్య అవమానాలూ లెక్క చూసుకొని కూర్చున్న సభలో గ్రంథాలయాన్ని గూర్చి మాట్లాడమంటే మాకు కొంచెం జంకుగానే వున్నది. భోజనాలు ఆలస్యమయితే ఆ పాపం మాకు అంటగట్టరాదని ముందే మనవి. కార్యదర్శిగారు మాకిచ్చిన విషయం ‘విశ్వవిద్యాలయ గ్రంథాలయాలలో సభలు, ప్రదర్శనలు’ అని. అది విని, అవి చదువుకొనే పిల్లలకు గదా, మనకేమి సంబంధమని కొందరన్నారు. మేమూ చాలాకాలం అట్లాగే అనుకున్నాము.

విశ్వవిద్యాలయ గ్రంథాలయమంటే పరీక్షలకు పుస్తకాలిచ్చే చోటని మన అభిప్రాయం. మద్రాసు విశ్వవిద్యాలయానికి 1924లో గ్రంథాలయాధికారిగా వచ్చిన ఎస్. ఆర్. రంగనాథన్ గారు ఆ అభిప్రాయాన్ని తలక్రిందులు చేసినారు. ఆయన లెక్కల మేష్టరు. మొదట ఈ ఉద్యోగంలో పొద్దుపోక తిరిగి కాలేజీకే పోదామని చూచినారట. ఇంగ్లండు వెళ్లి అక్కడి గ్రంథాలయాలు చూచి వచ్చిన పిమ్మట మనసు మారినది. 1931లో ఆయన ప్రకటించిన అయిదు సూత్రాలలో, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలన్నది ఒకటి. పాఠకుడికి పుస్తకం కావాలని అందరూ అంటారు. పుస్తకానికే పాఠకుడు కావాలనడం కొత్తమాట. బీరువాలో పడివున్న పుస్తకం తనంతట తాను లేచి పోలేదు గనుక గ్రంథాలయమే దానిని బయటికి తెచ్చి నలుగురి కంటా పడేటట్లు పెట్టాలి. ప్రదర్శన పెట్టేది అందుకే. ఈ సంగతి మనవారికి బోధించనక్కరలేదు. 1914లోనే అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు బెజవాడలో గ్రంథాలయ సంఘం పెట్టినారు. కాలువల మీద పడవలలో పుస్తకాలు పంపిన జాతి మనది.

క్రిందటి యేడు మన సంఘం పిల్లలనూ పెద్దలనూ ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో జరిగిన వ్రాతప్రతుల ప్రదర్శనకు తీసుకుపోయినాము. ఆ ఊరు, ఆ గ్రంథాలయం ఏవన్నది ఇక్కడ ముఖ్యం కాదు. గది మసక మసకగా వున్నది. ‘కరెంటు పొదుపా?’ అని మనలో ఒక పెద్దాయన నవ్వినారు. పొదుపు కాదట. వెలుతురు తగిలేకొద్దీ కాగితమూ తాటాకూ చెడిపోతవి గనుక, ఇటువంటి వాటికి 50 లక్స్ వెలుగు దాటనివ్వరట. ఒకే ఆకు నెలల తరబడి వెలుతురులో వుండకూడదని నడుమ నడుమ మారుస్తారట. ఇంత జాగ్రత్త వుంటుందని మేము ఎరుగము.

ఒక గాజుపెట్టె దగ్గర పదేళ్ల పిల్ల ఆగి, ఇది ఏ లిపి అని తమిళంలో అడిగింది. ఆ పిల్ల ఇంట్లో వాళ్ల అవ్వతో చక్కని తెలుగే మాట్లాడుతుంది. పెట్టె ముందు చీటీలో తాటాకు, ఘంటపు వ్రాత, ఇన్ని పత్రాలు అని రెండు భాషలలో వున్నది. అందులో తెలుగు లేదు సరిగదా, ఇది తెలుగు గ్రంథమన్న మాట కూడా లేదు. మాకు కోపం వచ్చినది. వచ్చి ఏమి లాభం? ‘తెలుగే తల్లీ’ అని చెప్పినాము గాని, ‘అయితే చదువు మామా’ అని ఆ పిల్ల అంటే మేమూ రెండు మాటల దగ్గరే ఆగిపోయినాము.

అక్కడి పండితులొకరు మా అవస్థ చూచి దగ్గరకు వచ్చినారు. పాత ఆకులలో మాటకూ మాటకూ ఎడం వుండదు. ఎకార ఒకారాలలో హ్రస్వమేదో దీర్ఘమేదో గుర్తు వుండదు. అర్థాన్ని బట్టి పోల్చుకోవలసిందే. అక్షరం ప్రక్కన నిలబడే వలపలగిలకను ఇప్పటి పిల్లలు మరేదో అక్షరమనుకుంటారు. ఘంటంతో గీసిన గీత వట్టి గాటు మాత్రమే. దీపపు మసి పట్టించి తుడిస్తే గాట్లలో నలుపు నిలిచి వ్రాత పైకి తేలుతుంది. ఆయన పావుగంట చెప్పిన తరువాత ఆ పిల్ల ‘శ్రీ’ పట్టుకొన్నది, పిమ్మట ‘రామ’ పట్టుకొన్నది. ఆ సాయంత్రం వ్యాను ఎక్కించడానికి పిల్లను గాజుపెట్టె దగ్గరి నుంచి లాక్కురావలసి వచ్చినది.

ఈ ఆకులు గాజుపెట్టె దాకా వచ్చిన దారి కూడా చిన్నది కాదు. ఏలూరువారైన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, కర్నల్ మెకంజీ దగ్గర పనిచేసినారు. మెకంజీ కొలువులో ఊరూరా తిరిగి శాసనాలూ కైఫీయతులూ సేకరించినారు. బొర్రయ్య 1803లోనే పోయినాడు. పని మాత్రం ఆగలేదు. ఉద్యోగం కోసం ఊరు వదలి పరాయి గడ్డ మీద బ్రతికిన తెలుగువారే గదా వారూ! 1821లో మెకంజీ కలకత్తాలో మరణించినాక ఆ సేకరణ విడిపోయినది. కొంత లండన్ చేరినది, దక్షిణ భాషల ప్రతులు మద్రాసు వచ్చినవి. బ్రౌన్ దొర కడపలో సొంత డబ్బుతో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి ప్రతులు వ్రాయించి సరిచూపించిన సంగతి మీకు తెలిసినదే. ఆయన లండన్ వెళ్లినప్పుడు ఇండియా హౌసులో మూలబడి వున్న దక్షిణాది గ్రంథాలను చూచి, మద్రాసుకు తిప్పి పంపించినాడు. ఇవన్నీ 1869లో ఏర్పడిన ప్రాచ్య లిఖిత పుస్తకాలయంలో చేరినవి. అది చాలాకాలం చేపాకంలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయ భవనంలోనే వుండినది. నన్నెచోడుని కుమారసంభవం తంజావూరు సరస్వతీ మహలులో మానవల్లి రామకృష్ణకవిగారి కంటపడి 1909లో అచ్చయ్యేదాకా, అటువంటి కవి ఒకడున్నాడని మనలో ఎందరికి తెలుసు?

ఇక మా ఇంటి సంగతి. చెప్పుకోవడానికి సిగ్గయినా చెప్పవలసి వున్నది. మా తాతగారి అటక మీద ఒక తాటాకు కట్ట వుండేది. చెక్కల నడుమ బిగించి, పసుపుగుడ్డ చుట్టి, ఏటేటా దసరాకు దింపి పూజ చేసేవారు. చదివేవారు లేరు. రామాయణమని పెద్దలు, కాదు భారతమని చిన్నవారు. పురుగు పట్టినదని ఒక యేడు ఆడి పద్దెనిమిది నాడు, నిండుగా పారే కావేరిలో, హారతి యిచ్చి మరీ వదిలినారు. గ్రంథాన్ని పారవేయరాదు, నీటిలో వదిలితే దోషం లేదని ఈ సీమలో నమ్మకం. ఎన్నో ఇండ్ల గ్రంథాలు అట్లాగే పోయినవి. మా అవ్వ మాత్రం మనసొప్పక రెండాకులు తీసి పటం వెనుక దాచినది.

ఆ రెండాకులను ప్రదర్శనలో మాకు చదువు చెప్పిన పండితుల దగ్గరకు తీసుకుపోయినాము. మెత్తని కుంచెతో దుమ్ము తీసి, నిమ్మగడ్డి నూనె రాసి, మసి పట్టించి చదివినారు. రామాయణం కాదు, భారతమూ కాదు. ధాన్యం అప్పు లెక్క! ఎవరికి ఎన్ని పుట్లు, ఎన్ని తూములు ఇచ్చినదీ, ఎవరు తీర్చనిదీ. ఇంటిల్లిపాదీ నవ్వుకొన్నాము. తరువాత ఆయన రెండవ ఆకు చివర వ్రేలుంచి, ‘ఇక్కడ మీవారు వదలి వచ్చిన ఊరి పేరున్నది’ అన్నారు. మా నవ్వు ఆగిపోయినది. ఆకు అంచు విరిగి, పేరులో చివరి రెండక్షరాలే మిగిలినవి: ‘పాడు’. గుంటూరు, నెల్లూరు సీమలలో పాడు అని ముగిసే ఊళ్లు ఎన్ని వున్నవో మీకు తెలియనిది కాదు. మిగిలిన ఆకులలో ఆ పేరు ఎన్నిసార్లు వ్రాసివున్నదో కావేరికే తెలియాలి.

కాబట్టి మీ ఇండ్లలో కట్టలుంటే, అవి గ్రంథాలయినా లెక్కలయినా, నీటిలో వదలవద్దు, భోగిమంటలో వేయవద్దు. వంటనూనె రాయవద్దు, ఎండలో ఆరబెట్టవద్దు, విరిగిన ఆకుకు అంటుకాగితం వేయవద్దు. సొంతం మీదేగా వుంచుకోండి, ఫోటోప్రతి మాత్రం తీయించండి. ఆ గ్రంథాలయంవారిని కదిలించి చూచినాము. ఒక ఆదివారం మన కుటుంబాల ఆకులూ పాత దస్తావేజులూ బల్లల మీద పెట్టి చూపడానికీ, ఫోటోలు తీయడానికీ ఒప్పుకొన్నారు. తెలుగు చీటీలు మనమే వ్రాసి ఇవ్వాలన్నారు. మొదటి చీటీ ఆ పదేళ్ల పిల్ల వ్రాసినది. ‘తాళపత్రం’లో ళ బదులు ల వేసినది, దిద్దించినాము. తేదీ కార్యదర్శిగారు తెలియజేస్తారు.

మా రెండాకులూ ఆనాడు బల్ల మీద వుంటవి. అప్పు తీసుకొన్నవారి పేర్లు వాటిలో వున్నవి. వారి ఇండ్లలోనూ లెక్క వ్రాసుకొని వుంటారు. మీ కట్టలు తెచ్చి ప్రక్కన పెట్టి చూడండి.